యూపీఎస్ బ్యాటరీ మార్చడం, బ్యాకప్ పెంచడం: విప్పడం దగ్గర్నుంచి పరీక్షించడం దాకా

"యూపీఎస్ పోయింది, కొత్తది కొనాలా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒక్కటే: ముందు బ్యాటరీ చూడండి. లోపలి బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ చాలా ఏళ్లు నడుస్తాయి. బ్యాటరీ మాత్రం మన ఎండలకు రెండు మూడేళ్లలోనే చేతులెత్తేస్తుంది. దాన్ని మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పనే, కాస్త ఓపిక ఉంటే అరగంటలో అయిపోతుంది.

బ్యాకప్ పెంచడానికి పెద్ద బ్యాటరీ తగిలించడం మాత్రం వేరే సంగతి. మార్చడానికి వరస తెలిస్తే చాలు. పెంచడానికి లెక్క కూడా తెలియాలి. ఆ లెక్క చూసుకోకుండా వైర్లు కలిపేసి, కొత్త బ్యాటరీని ఏడాదిలోపే పాడుచేసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇక్కడ చెప్పేదంతా ఇంట్లో, చిన్న షాపుల్లో కంప్యూటర్‌కు వాడే 600 నుంచి 1100 వీఏ (యూపీఎస్ ఎంత లోడు మోయగలదో చెప్పే అంకె) యూపీఎస్‌ల గురించి. మూడు, ఆరు, ఎనిమిది బ్యాటరీలు ఉండే పెద్ద ఆన్‌లైన్ యూపీఎస్‌లను మీరు విప్పకండి. వాటిలో బ్యాటరీలన్నీ వరసగా కలిస్తే వంద వోల్టుల దాకా డీసీ ఉంటుంది. పైగా చాలా మోడళ్లలో బ్యాటరీ తీగలకు గోడలోంచి వచ్చే కరెంటుతో నేరుగా సంబంధం ఉంటుంది. ప్రాణాపాయం. వాటికి కంపెనీ మనిషినే పిలవాలి.

1. పోయింది బ్యాటరీయేనా?

ఈ లక్షణాలుంటే అనుమానం బ్యాటరీ మీదే:

- కరెంటు ఉన్నంతసేపూ అంతా బాగుంటుంది, పోగానే కంప్యూటర్ కూడా ఆగిపోతుంది.
- పదిహేను నిమిషాలు వచ్చే బ్యాకప్ రెండు నిమిషాలకు పడిపోయింది.
- కరెంటు ఉన్నా ఎర్ర లైటు వెలుగుతోంది, లేదా బీప్ ఆగడం లేదు.
- యూపీఎస్ పక్కన కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. అలా వస్తే ఇక పరీక్షలేవీ వద్దు. వెంటనే ప్లగ్గు తీసేసి కిటికీలు తెరవండి.

కరెంటు ఉన్నప్పుడు కూడా యూపీఎస్ నుంచి సప్లై రాకపోతే, బ్యాటరీ కంటే ముందు వెనకవైపు ఫ్యూజు చూడండి. చాలా మోడళ్లలో ప్లగ్గు తీగ దగ్గరే చిన్న గుండ్రటి మూత కింద ఉంటుంది.

బ్యాటరీని బయటికి తీశాక (ఎలా తీయాలో 4, 5 అంకెల్లో ఉంది) మల్టీమీటర్‌తో కొలవండి. పూర్తిగా ఛార్జయిన మంచి బ్యాటరీ విడిగా ఉన్నప్పుడు 12.7 నుంచి 13 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సుమారు సగం. 10.5 కంటే కింద ఉంటే దాని మీద ఆశ వదులుకోండి.

అయితే వోల్టేజి ఒక్కటే చూసి మోసపోకండి. ముసలి బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు దర్జాగా 12.6 చూపిస్తుంది. అసలు సంగతి లోడు పెడితేనే బయటపడుతుంది. నా దగ్గర కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి ఉంది, 12 వోల్టులు, 55 వాట్లది. దానికి రెండు తీగలు అతికించి బ్యాటరీకి తగిలిస్తాను. సుమారు నాలుగున్నర యాంపియర్లు లాగుతుంది. మీటరు పుల్లలు టెర్మినళ్ల (బ్యాటరీ ప్లస్, మైనస్ కొసల) మీదే ఉంచి ఐదు నిమిషాలు చూస్తాను. బాగున్న బ్యాటరీ 12 వోల్టుల దగ్గర నిలబడుతుంది. పోయిన బ్యాటరీలో అంకెలు కళ్ల ముందే జారిపోతాయి: 11.8, 11.2, 10.4. బల్బు వెలుగు పసుపు తిరిగి ఎర్రబడుతుంది. బల్బు గాజు బాగా కాలుతుంది, కాబట్టి చేత్తో పట్టుకోకుండా పింగాణీ పళ్లెంలో పెట్టండి.

2. ఏ బ్యాటరీ కొనాలి?

600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే అంకె) బ్యాటరీ ఒకటి ఉంటుంది. 1000, 1100 వీఏలో అలాంటివి రెండు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. అందరూ ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీ అంటారే, అదే ఇది. నీళ్లు పోసే పని ఉండదు. పాతదాని లేబుల్‌ను ఫోటో తీసుకుని షాపుకు వెళ్లండి.

సరిపోల్చుకోవాల్సినవి:

- వోల్టులు: 12 అంటే 12. ఇందులో రాజీ లేదు.
- కొలత: సుమారు 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు. 7, 7.2, 9 ఏహెచ్‌లు చాలావరకు ఇదే సైజులో వస్తాయి.
- టెర్మినల్ వెడల్పు: 4.75 మిల్లీమీటర్లదొకటి, 6.35దొకటి, రెండు రకాలున్నాయి. యూపీఎస్ వైరు క్లిప్పు దేనికి సరిపోతుందో చూడాలి. వెడల్పు క్లిప్పును సన్నటి టెర్మినల్‌కు తొడిగితే వదులుగా ఉండి వేడెక్కుతుంది.
- ప్లస్ ఏ పక్కన ఉంది అన్నది. వైరు పొడవు చాలకపోతే చిక్కు.

రెండు బ్యాటరీల యూపీఎస్ అయితే రెండూ ఒకేసారి మార్చాలి. ఒకే కంపెనీవి, ఒకే ఏహెచ్‌వి, వీలైతే ఒకే నెలలో తయారైనవి తీసుకోండి. "ఒకటి ఇంకా బాగానే ఉందిగా" అని పాతదాన్ని ఉంచితే, ఛార్జింగ్‌లో ఒకటి ముందే నిండి ఉబ్బుతుంది, రెండోది ఎప్పుడూ సగమే నిండుతుంది. ఆరు నెలల్లో మళ్లీ షాపుకు వెళ్లాలి.

షాపులో మీటరు పెట్టి చూపించమని నిర్మొహమాటంగా అడగండి. ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీ అల్మారాలో ఊరికే ఉన్నా నెమ్మదిగా దిగిపోతుంది. అలా నెలల తరబడి ఛార్జి లేకుండా పడి ఉంటే లోపల పలకల మీద గట్టి పొర కడుతుంది. 12.5 కంటే తక్కువ చూపిస్తే ఇంకొకటి ఇమ్మనండి. మీద అచ్చయిన తయారీ తేదీ ఆరు నెలలకు మించి పాతదైతే నేనైతే తీసుకోను. అమరాన్ క్వాంటా, ఎక్సైడ్ పవర్‌సేఫ్ లాంటివి చాలా ఊళ్లలో దొరుకుతాయి. ఏ కంపెనీది అన్నదానికన్నా ఎంత తాజాది అన్నదే నాకు ముఖ్యం.

3. చేతికి అందేలా పెట్టుకోవాల్సినవి

- స్టార్ స్క్రూడ్రైవర్. కొన్ని మోడళ్లలో స్క్రూ లోతుగా ఉంటుంది కాబట్టి పొడుగు కాడది.
- నోస్ ప్లయర్, దాని పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి.
- మల్టీమీటర్.
- ఇన్సులేషన్ టేపు, వెడల్పాటి ప్యాకింగ్ టేపు.
- రబ్బరు గ్లవ్స్, కాస్త వంటసోడా, పాత గుడ్డ.
- స్క్రూలు వేసుకోవడానికి చిన్న గిన్నె.

ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి ఉంగరం ఆనితే అది క్షణంలో ఎర్రగా కాలిపోతుంది.

4. విప్పడం

1. కంప్యూటర్ ఆపండి. యూపీఎస్ వెనక ఉన్న ప్లగ్గులన్నీ తీయండి.
2. యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకేయండి. గోడ స్విచ్ ఆపితే చాలదు.
3. ముందు బటన్‌ను నొక్కి పట్టుకుని, లైట్లన్నీ ఆరి, శబ్దం పూర్తిగా ఆగాక వదలండి. ఇది మరిచిపోతే, ప్లగ్గు తీసినా బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారవుతూనే ఉంటాయి.
4. ఐదు నిమిషాలు ఆగండి. బోర్డు మీది కెపాసిటర్లలో ఉన్న ఛార్జి దిగాలి.
5. అడుగున లేదా వెనక ఉన్న స్క్రూలు తీయండి. కొన్నింటికి కింద జరిపే మూత ఉంటుంది, మొత్తం విప్పక్కర్లేదు. ఒక స్క్రూ వారంటీ స్టిక్కర్ కింద దాగి ఉండొచ్చు. వారంటీ ఇంకా ఉంటే అక్కడే ఆగి, సర్వీసుకు ఫోన్ చేయండి.
6. మూతను మెల్లగా ఎత్తండి. ముందు ప్యానెల్‌కు సన్నటి తీగలుంటాయి, లాగితే ఊడిపోతాయి.
7. ఫోటో తీయండి. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ప్లస్, మైనస్ గుర్తులు కనిపించేలా.

ఏడోదాన్ని ఎందుకు నొక్కి చెబుతున్నానో వినండి. మా అక్కవాళ్ల జిరాక్స్ షాపులో యూపీఎస్ బ్యాటరీ మారుస్తున్నాను. అంతకుముందు ఎవరో రిపేరులో పాత వైర్లు తీసేసి కొత్తవి వేశారు. రెండూ నల్లవే. ఫోటో తీయకుండా క్లిప్పులు పీకేశాను. మళ్లీ పెట్టేటప్పుడు ఏది ఏదో గుర్తు రాలేదు, అంచనాతో తగిలించాను. టప్‌మని శబ్దం, కాలిన వాసన. బోర్డు మీద రెండు ట్రాన్సిస్టర్లు పోయాయి. బ్యాటరీ ధర కంటే బోర్డు రిపేరుకే ఎక్కువైంది. ఎర్ర వైరు ప్లస్, నల్ల వైరు మైనస్ అన్న నియమం బాగానే ఉంది కానీ, మీ కంటే ముందు ఇంకెవరైనా చేయి పెట్టిన యూపీఎస్‌లో రంగును నమ్మకండి. ఫోటోనే నమ్మండి.

ఇక మైనస్ క్లిప్పు ముందు, ప్లస్ తర్వాత తీయండి. వైరును పట్టుకుని లాగొద్దు. క్లిప్పునే ప్లయర్‌తో పట్టుకుని అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ లాగితే వస్తుంది. తీసిన వెంటనే ఒక్కో క్లిప్పుకు టేపు చుట్టండి.

5. ఉబ్బిన బ్యాటరీ బయటికి రాకపోతే

అందరూ ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. వేడికి, అతిగా ఛార్జవడానికి బ్యాటరీ పక్కలు పొట్టలా ఉబ్బి పెట్టెకు బిగుసుకుపోతాయి. చాలామంది చేసే పని, సందులో స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించడం. అది వద్దు. ఉబ్బిన ప్లాస్టిక్ పల్చబడి ఉంటుంది, చిల్లి పడితే యాసిడ్ కారుతుంది. స్క్రూడ్రైవర్ జారి టెర్మినళ్లకు తగిలితే నిప్పురవ్వలు.

ఇలా చేయండి. ముందు రెండు టెర్మినళ్లకూ టేపు వేయండి. బ్యాటరీని పట్టి ఉంచే రేకు ఉంటే దాని స్క్రూలు కూడా తీయండి, సగం బిగువు అక్కడే తగ్గుతుంది. ప్యాకింగ్ టేపును బ్యాటరీ చుట్టూ ఎంతవరకు అందితే అంతవరకు అతికించి, పైన పిడిలా మడత వదలండి. యూపీఎస్‌ను పరుపు మీదో మడత దుప్పటి మీదో తలకిందులుగా వంచి, ఆ పిడిని నెమ్మదిగా లాగండి. బ్యాటరీ బరువు రెండు కిలోల పైనే, ఆ బరువే మీకు సాయం చేస్తుంది. అడుగున స్పాంజి జిగురు పట్టేసి ఉంటే, నైలాన్ దారాన్ని సందులో పెట్టి రంపంలా ఆడించండి.

టెర్మినల్ దగ్గర తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే గ్లవ్స్ వేసుకుని, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. బుడగలు రావడం ఆగే దాకా తుడిచి, తర్వాత పొడిగుడ్డతో ఆరబెట్టండి. బోర్డు మీద నీటి చుక్క పడకూడదు. క్లిప్పు తుప్పు పట్టి పొడిపొడి అవుతుంటే కొత్త క్లిప్పు వేయించాలి, గీకి సరిపెట్టొద్దు.

6. కొత్తది బిగించడం

ప్లస్ ముందు, మైనస్ చివర. క్లిప్పు గట్టిగా దిగాలి. వేలితో కదిపితే కదలకూడదు. వదులుగా ఉంటే తీసి, ప్లయర్‌తో క్లిప్పు అంచులను కొద్దిగా నొక్కి మళ్లీ తొడగండి. చివరి క్లిప్పు తగిలేటప్పుడు చిన్న మెరుపు వస్తుంది. బోర్డులోని కెపాసిటర్లు నిండడం వల్ల అది మామూలే, భయపడొద్దు. పెద్ద శబ్దంతో మెరిస్తే మాత్రం వెంటనే తీసేసి, ఫోటోతో సరిచూడండి.

రెండు బ్యాటరీలున్న యూపీఎస్‌లో, ఒకదాని ప్లస్ నుంచి రెండోదాని మైనస్‌కు పొట్టి వైరు వెళ్తుంది. అది తగిలించాక, మిగిలిన రెండు చివర్ల మధ్య మీటరు పెట్టండి. 25, 26 వోల్టులు రావాలి. అది చూశాకే యూపీఎస్ వైర్లు తగిలించండి.

మూత వేసే ముందు:

- ఏ వైరూ మూత అంచు కింద నలగడం లేదు.
- గిన్నెలో మిగిలిన స్క్రూ లేదు, లోపల పడిన స్క్రూ లేదు.
- బ్యాటరీ మీద మార్చిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాశారు.

7. ఛార్జింగ్, పరీక్ష

కంప్యూటర్ తగిలించకుండా యూపీఎస్‌ను గోడ ప్లగ్గులో పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. కొన్ని మోడళ్లు ప్లగ్గులో ఉంటే చాలు ఛార్జవుతాయి. కొన్నింటికి ముందు బటన్ కూడా వేయాలి.

మర్నాడు పరీక్ష కంప్యూటర్‌తో చేయకండి. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు ఉంటే దాన్ని తగిలించి, గోడ స్విచ్ ఆపండి. పది నిమిషాలు నిలకడగా వెలిగితే ఆ తర్వాత కంప్యూటర్ పెట్టండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయే దాకా పరీక్షించడం అవసరం లేదు. లెడ్ బ్యాటరీని అలా అడుగంటా వాడిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరుగుతుంది.

8. బ్యాకప్ పెంచాలంటే

ముందు లెక్క చూద్దాం. 12 వోల్టులు, 7 ఏహెచ్ అంటే కాగితం మీద 84 వాట్ అవర్లు. మీ కంప్యూటర్, మానిటర్ కలిసి 120 వాట్లు తీసుకుంటున్నాయనుకోండి. యూపీఎస్‌లో వృథా అయ్యేది కలిపితే బ్యాటరీ మీద 150 వాట్ల భారం, అంటే 12, 13 యాంపియర్లు. కానీ ఆ 7 ఏహెచ్ అన్నది ఇరవై గంటల పాటు 0.35 యాంపియర్ చొప్పున నెమ్మదిగా తీస్తే వచ్చే లెక్క. 13 యాంపియర్లు గుంజితే సగానికి కాస్త ఎక్కువే చేతికొస్తుంది. అందుకే చివరికి దక్కేది పదిహేను, ఇరవై నిమిషాలు.

పెంచడానికి నేను చెప్పే వరస ఇది.

మొదట లోడు తగ్గించండి. యూపీఎస్ మీద లేజర్ ప్రింటర్ అసలు ఉండకూడదు. కాగితం మీద పొడిని కరిగించే భాగం వేడెక్కడానికే అది కొన్ని వందల వాట్లు లాగుతుంది. స్పీకర్లు, రెండో మానిటర్ తీసేయండి. వైఫై రౌటర్ కోసమే యూపీఎస్ వాడుతున్నవాళ్లు దానికి విడిగా 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ కొనుక్కుంటే గంటల తరబడి నెట్ ఉంటుంది.

తర్వాత 9 ఏహెచ్. అదే సైజులో వస్తుంది కాబట్టి పెట్టె మార్చక్కర్లేదు, ఛార్జర్ కూడా తట్టుకుంటుంది. లాభం ఐదారు నిమిషాలే. అయినా ఏ ప్రమాదమూ లేని పెంపు ఇదొక్కటే.

బయట పెద్ద బ్యాటరీ. 26 లేదా 42 ఏహెచ్ ఎస్‌ఎంఎఫ్ తగిలిస్తే పని చేస్తుందా అంటే, చేస్తుంది. 26 ఏహెచ్‌తో పైన చెప్పిన లోడుకు గంట పైనే వస్తుంది. కానీ రెండు అడ్డంకులు ఉన్నాయి.

ఒకటి ఛార్జర్. చిన్న యూపీఎస్ ఛార్జర్ ఇచ్చేది ఒక యాంపియర్, లేదా అంతకంటే తక్కువ. 26 ఏహెచ్ బ్యాటరీ ఖాళీ అయితే నిండడానికి రోజు పైనే పడుతుంది, 42 ఏహెచ్ అయితే రోజున్నర దాటుతుంది. రోజూ కరెంటు పోయే ఊళ్లో అది ఎప్పటికీ నిండదు. సగం ఆకలితో ఉన్న లెడ్ బ్యాటరీ పలకలు గట్టిపడి ఏడాదిలోనే పోతుంది. ఎప్పుడో వారానికోసారి కరెంటు పోయే చోట అయితే ఫర్వాలేదు.

రెండోది వేడి. యూపీఎస్‌లో ట్రాన్సిస్టర్లకు బిగించిన అల్యూమినియం ముక్క చిన్నది, చాలావాటికి ఫ్యాన్ ఉండదు. పావుగంట నడవడానికి తయారుచేసిన దాన్ని గంట నడిపితే లోపల వేడి పేరుకుంటుంది. అందుకే యూపీఎస్ వాట్లలో మూడో వంతుకు మించి లోడు పెట్టకండి. 600 వీఏ యూపీఎస్ అసలు సత్తా 360 వాట్లు అని వెనక రాసి ఉంటే, మీ లోడు 120 లోపే ఉండాలి. మొదటిసారి నడిపేటప్పుడు దగ్గరే కూర్చోండి. ఇరవై నిమిషాలకు మూత మీద చేయి పెట్టి ఉంచలేకపోతే, ఆ యూపీఎస్ ఈ పనికి పనికిరాదు.

ఇవన్నీ సరే అనుకుంటేనే:

- 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పొడవు ఒక మీటరు లోపు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన సన్నటి వైరు వాడొద్దు.
- బ్యాటరీ ప్లస్ పక్కనే 40 యాంపియర్ల ఫ్యూజు. వైరు ఎక్కడ నలిగినా ఇల్లు అంటుకోకుండా కాపాడేది అదే.
- వైరు చివర వేసే లోహపు లగ్గులను పరికరంతో నొక్కి బిగించాలి (క్రింపింగ్). మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు.
- లోపలి పాత బ్యాటరీని తీసేయాలి. పెద్దదానికి, చిన్నదానికి జత కట్టొద్దు.
- 24 వోల్టుల యూపీఎస్‌కు బయట కూడా ఒకే రకం బ్యాటరీలు రెండు, వరసగా.
- టెర్మినళ్లకు తొడుగులు, పిల్లల చేతికి అందని, గాలి ఆడే చోటు.

కారు బ్యాటరీ వాడొచ్చా అని తరచూ అడుగుతారు. వద్దు. అది ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కొన్ని సెకన్లు గట్టిగా కరెంటు ఇచ్చేలా తయారైంది. పూర్తిగా ఖాళీ చేసి నింపడం దానికి సరిపడదు. మూతలున్న రకమైతే, ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, పడకగదిలో పెట్టే వస్తువు కాదు. లిథియం బ్యాటరీల్లో 12.8 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం ఉంది కానీ, దాని రక్షణ బోర్డు ఎన్ని యాంపియర్లు అనుమతిస్తుందో, మీ ఛార్జర్ వోల్టేజి దానికి కుదురుతుందో తెలియకుండా పెట్టకండి. విడి సెల్స్ తెచ్చి ఇంట్లో అతికించడం అసలు వద్దు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గంటన్నర, రెండు గంటలు కావాలంటే యూపీఎస్‌ను సాగదీయకండి. 100 లేదా 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీతో సైన్ వేవ్ (గోడ కరెంటు లాంటి కరెంటే ఇచ్చే) ఇన్వర్టర్ పెట్టుకోండి. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేయండి, మారే సమయం తగ్గి చాలా కంప్యూటర్లు ఆగకుండా నడుస్తాయి. అలా నునుపుగా కాక గతుకులుగా కరెంటు ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చిన్న యూపీఎస్ పెడితే మాత్రం, ఆ కరెంటును అది ఒప్పుకోక బీప్ కొడుతూ బ్యాటరీనే వాడేసుకోవచ్చు.

9. మార్చాక వచ్చే తిప్పలు

*అసలు ఆన్ కావడం లేదు.* కొన్ని యూపీఎస్‌లు కొత్త బ్యాటరీతో మొదటిసారి గోడ కరెంటు ఉంటేనే లేస్తాయి. ప్లగ్గులో పెట్టి చూడండి. అప్పటికీ లేకపోతే క్లిప్పులు, తర్వాత బ్యాటరీ వైరు మీది ఫ్యూజు.

*బ్యాకప్ ఇంకా రెండు నిమిషాలే.* రాత్రంతా ఛార్జి చేశారా? చేస్తే, బ్యాటరీని తీసి బల్బు పరీక్ష పెట్టండి. 12.7 పైన ఉండి బల్బుకు నిలబడితే లోపం యూపీఎస్ బోర్డులోనో లోడులోనో ఉంది.

*రాత్రంతా పెట్టినా 12.5 దాటలేదు.* ఛార్జర్ పని చేయడం లేదు. సరైన ఛార్జర్ ఒక్కో బ్యాటరీకి 13.5 నుంచి 13.8 వోల్టులు ఇవ్వాలి. కానీ మూత తీసి, ప్లగ్గులో పెట్టి కొలవడం మెకానిక్ పని, మీరు చేయకండి.

*కొత్త బ్యాటరీ కూడా ఆరు నెలల్లో ఉబ్బింది.* ఛార్జర్ అతిగా ఇస్తోంది, లేదా యూపీఎస్ వేడి చోట ఉంది. బ్యాటరీ చుట్టూ వేడి 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో, సీపీయూ వెనక గోడకు ఆనించి పెట్టిన యూపీఎస్ ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఇవ్వండి, మీద పుస్తకాలు పెట్టొద్దు.

10. పాత బ్యాటరీ

చెత్తబండిలో వేయొద్దు. లోపల ఉన్నది సీసం, యాసిడ్. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, సేకరించే వాళ్లకే అప్పగించాలి. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి, చాలాచోట్ల ధరలో కొంత తగ్గిస్తారు. తీసుకెళ్లేటప్పుడు టెర్మినళ్లకు టేపు వేసి, నిటారుగా, అట్టపెట్టెలో పెట్టండి. కారుతుంటే ముందు రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టండి. తాళాలు, చిల్లర ఉన్న సంచిలో మాత్రం వేయకండి.